హాజిర్ అంటుంది, జవాబివ్వదు

మా ఉస్తాద్ ఇంతెఖాల్ అయిన కబురు రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చింది. నాకు అలిఫ్ బే దిద్దించిన మనిషి. మరునాడు జొహర్ తర్వాత జనాజా. వాట్సాప్ ఉన్నవాళ్లకు సరే, చుట్టుపక్కల మండలాల్లోని పాత షాగిర్దులకు పేపరే ఇత్తెలా. నాలుగు వాక్యాలు రాసి, ఫొటో జతచేసి, జిల్లా పేజీలో జాగా చేయించాను. పన్నెండింటికి పేజీ ప్రెస్సుకు వెళ్లాలి.

పదకొండు దాటాక సర్వర్ ఖామోష్. మా పేజీలన్నీ మూలనున్న లినక్స్ డబ్బాలో ఉంటాయి. మా విండోస్ కంప్యూటర్లు సాంబా అనే సర్వీసు ద్వారా వాటిని తెరుస్తాయి. ఏ కంప్యూటర్లో చూసినా చక్రం తిరగడమే. సిస్టమ్స్ కుర్రాడు సెలవులో ఉన్నాడు, ఫోన్ స్విచాఫ్. హైదరాబాద్‌లో ఇదే పని చేసే మా భాంజాకు ఫోన్ కొట్టాను.

"మామూ, పింగ్ కొట్టండి."

జవాబొచ్చింది. అంటే కేబుల్ బాగానే ఉంది. సర్వీస్ స్టేటస్ చూడమన్నాడు. పచ్చ అక్షరాల్లో 'యాక్టివ్, రన్నింగ్' అని ఉంది. నాకు ఉస్తాదే గుర్తొచ్చారు. హాజరీలో "హాజిర్ జనాబ్" అని గట్టిగా అరిచి కళ్లు తెరిచే నిద్రపోయేవాళ్లం. ఆయన పుస్తకం మూసి ఒక్క సవాల్ అడిగేవారు, దొరికిపోయేవాళ్లం.

"రీస్టార్ట్ కొట్టేస్తారా బేటా?"

"అప్పుడే వద్దు. సబూత్ పోతుంది. ముందు లాగ్ చూడండి."

లాగ్ చివర్లో ఒకటే మాట పదేపదే: డిస్క్‌లో జాగా లేదు. డీఎఫ్ కమాండ్ వంద శాతం నిండిందంది. డీయూతో ఫోల్డర్లు కొలిస్తే సగం కూడా లేదు. 22 జీబీ ఎక్కడో మాయం. వాడు కాసేపు ఆగి, "ఎల్‌ఎస్‌ఓఎఫ్ కొట్టి, డిలీటెడ్ అనే మాట ఎక్కడుందో వెతకండి" అన్నాడు.

దొరికింది. సాంబా లాగ్ ఫైలే. ఫైలు చెరిపినా, దాన్ని తెరిచి పట్టుకున్న ప్రోగ్రాం వదిలేదాకా లినక్స్ ఆ జాగా తిరిగివ్వదట. పేరు పోయింది, సామాను ఇంట్లోనే ఉంది. పైగా మర్హూం పేరుమీద రాతలు సాగుతూనే ఉన్నాయి! ఎప్పుడో ఏదో గడబిడ పట్టుకోడానికి లాగ్ లెవెల్ పదికి పెంచి, సైజుకు హద్దు లేకుండా సున్నా పెట్టి మరిచిపోయారు.

"ఇప్పుడు కొట్టండి రీస్టార్ట్."

జాగా వచ్చేసింది. లెవెల్ తగ్గించి, హద్దు పెట్టించాడు. పేజీ పన్నెండూ ఇరవైకి వెళ్లింది. ప్రెస్సువాళ్ల తిట్లు తిన్నాను.

"మామూ, ఆ లాగ్ డిలీట్ చేసిందెవరు?"

"ఇక్కడెవరో" అన్నాను. తౌబా. డిస్క్ నిండుతోందని మధ్యాహ్నం హెచ్చరిక వస్తే, అన్నిటికంటే పెద్ద ఫైలు చూసి చెరిపి, ఖాళీ అయిందో లేదో చూడకుండా చాయ్‌కి వెళ్లింది నేనే.

మరునాడు ఖబరస్తాన్‌లో మా క్లాసువాడొకడు కనిపించాడు. ముప్పై ఏళ్లయింది చూసి. పొలం నుంచి అట్నుంచటే వచ్చాడు, చంకలో మడిచిన పేపర్. మట్టి వేశాక ఇద్దరం చాలాసేపు అక్కడే నిలబడ్డాం.

సాయంత్రం భాంజాకు మళ్లీ ఫోన్ చేశాను. "బేటా, ఆ లాగ్... నేనే."

"తెలుసు మామూ. సెలవులో ఉన్న కుర్రాడికీ మీకే కదా పాస్‌వర్డ్ ఉంది."