విప్పే ముందు వినాలి

పాత ట్రాక్టరు ఉన్న ఇంట్లో కాలువలకు నీళ్లొదిలారంటే సంతోషంతో పాటు గుబులూ మొదలవుతుంది. ఆ ఏడు మా గుబులే నిజమైంది. దమ్ము చేస్తుండగా ఇంజను గట్టిగా అరుస్తోంది, చక్రాలు మాత్రం కదలడం లేదు. అవతల నారు ముదిరిపోతోంది. మా నాలుగెకరాలే కాదు, దమ్ముకు మాటిచ్చిన మరో పదిమంది చేలూ ఎదురుచూస్తున్నాయి.

చూసిన మొదటి మెకానిక్కు, "క్లచ్ ప్లేటు పోయింది, బండి విడగొట్టాల్సిందే" అన్నాడు. విడగొట్టడమంటే ఇంజనునూ గేరుబాక్సునూ వేరుచేసి, చెరో వైపు దుంగల మీద నిలబెట్టడం. సామాను దొరికి, మళ్లీ బిగించేసరికి అదును దాటిపోతుంది.

నాన్న కాలం నుంచీ ఆ బండిని ఎరిగిన పెద్దమేస్త్రిని పిలిచాం. ఆయన వెంటనే పానా తీయలేదు. "ఒకసారి నడుపు అబ్బాయ్, విందాం" అన్నాడు. తర్వాత క్లచ్ పెడల్‌ను చేత్తో నొక్కాడు. అది కొంత దూరం తేలిగ్గా దిగాలి, ఆ తర్వాతే బరువు తగలాలి. ప్లేటు అరిగేకొద్దీ ఆ ఖాళీ తగ్గిపోతుంది. ఖాళీ లేకపోతే కాలు తీసినా క్లచ్ కాస్త నొక్కినట్టే ఉండి, ప్లేటు జారుతుంది. మా బండికి ఆ ఖాళీ బొత్తిగా లేదు. రాడ్డు సరిచేసి, పెద్ద గేరులో వేసి, బ్రేకు తొక్కిపట్టి క్లచ్ వదలమన్నాడు. ఇంజను టక్కున ఆగిపోయింది. "ఆగిందంటే ప్లేటు ఇంకా పట్టుతోంది" అన్నాడు నవ్వుతూ.

అంతటితో వదల్లేదు. గేరుబాక్సు ఆయిలు కొంచెం దింపితే పాలు కలిపిన టీలా ఉంది. దమ్ము నీళ్లు అరిగిన సీలు గుండా లోపలికి చేరాయి. అడుగున సన్నటి మెరుపుపొడి ఉంటే ఫర్వాలేదుగానీ, చేతికి ముక్కలు తగిలితే గేరు పళ్లు విరిగినట్టేనని చెప్పాడు. ముక్కల్లేవు. సీలూ, ఆయిలూ మార్చాడు. మర్నాడు బండి చేలోకి దిగింది.

ప్లేటు అరుగుదల అక్కడితో ఆగలేదు. నాట్లయ్యాక తీరిగ్గా బండి విడగొట్టించి, కొత్తది వేయించాం. మేస్త్రి మాకిచ్చింది ఆ వ్యవధినే. అదునులో రైతుకు అంతకన్నా ఏం కావాలి?

మీ ఇంట్లోనూ ముసలి బండి ఉంటే, అది మొరాయించినప్పుడు ముందు పెడల్ చూడండి. తర్వాత ఆయిలు. పానా సంగతి ఆ తర్వాత.