కట్నానికి అవతల

ఇంగ్లీషులో 'పారఫర్నేలియా' అని ఒక మాట ఉంది. ఒక పనికి కావలసిన చిన్నా చితకా వస్తువులన్నింటినీ కలిపి అలా అంటారు. అనువాదాల్లో నేను 'సరంజామా' అని రాస్తాను. అర్థానికి లోటేమీ లేదు. కానీ ఆ మాట పుట్టుక తెలిశాక దాన్ని అంత తేలిగ్గా దాటలేకపోతున్నాను.

గ్రీకులో 'ఫెర్నే' అంటే కట్నం. 'పారా' అంటే పక్కన, అవతల. కట్నం కాక పెళ్ళికూతురు తెచ్చుకునే సొంత ఆస్తి 'పారాఫెర్నా'. రోమన్ చట్టంలో కట్నం భర్త చేతికి వెళ్ళేది, ఇది మాత్రం భార్యదే. అంటే మొదట్లో ఇది చిల్లర సామానుకి పేరు కాదు, స్త్రీ హక్కుకి పేరు.

ఇంగ్లండు చేరేసరికి ఆ హక్కు కుంచించుకుపోయింది. అక్కడి కామన్ లా ప్రకారం పెళ్ళయిన స్త్రీ చరాస్తి అంతా భర్తదే. ఆమె హోదాకు తగిన బట్టలూ, నగలూ మాత్రమే 'పారఫర్నేలియా'. వాటినైనా బతికుండగా అతను అమ్ముకోవచ్చు, వీలునామాలో మాత్రం ఇంకొకరికి రాయకూడదు. అతను పోయాక, అప్పులవాళ్ళు నగలు పట్టుకుపోకపోతే, అవి ఆమెవి. ఆంథొనీ ట్రాలప్ 'ది యూస్టేస్ డైమండ్స్' నవలలో, భర్త పోయిన ఒక స్త్రీ వదలనంటున్న వజ్రాలహారం గురించి లాయర్లు తర్జనభర్జన పడేది ఈ మాట దగ్గరే. 1870లో, 1882లో వివాహిత స్త్రీల ఆస్తి చట్టాలు వచ్చాయి. కోర్టులో ఆ మాటకి పని తగ్గింది. వాడుకలో 'ఏవో సామాన్లు' అన్న అర్థం మిగిలింది. ఆమెకి దక్కనిచ్చిందే కొంచెం కాబట్టి ఆ మాటా కొంచెమైపోయిందని నాకనిపిస్తుంది.

మన దగ్గర ఇది తిరగబడి కనిపిస్తుంది. కూతురికి ఎకరం పొలం రాసినా 'పసుపు కుంకుమ కింద ఇచ్చాం' అంటారు. భూమికి చిటికెడు పసుపు పేరు! అది వాటా కాదు, పుట్టింటివాళ్ళ దయ అని ఆ పేరే గుర్తుచేస్తూ ఉంటుంది. స్త్రీధనం భర్త దగ్గరున్నా భార్యదేనని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ 1986లో, కేంద్రం 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతురికీ వాటా ఇచ్చాయి. అయినా 'పసుపు కుంకుమ ఇచ్చేశాం కదా' అన్న ఒక్క మాటతో ఆ వాటా నోరు మూయించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

కాపురం వదిలి వచ్చిన ఆడపిల్లని 'తట్టాబుట్టా సర్దుకుని వచ్చేసింది' అంటారు. ఆ తట్టలో ఏం వచ్చింది, ఆ ఇంట్లో ఏం మిగిలిపోయింది అని లెక్క అడగాల్సింది అప్పుడే.