సారెపతు విధవరాలి పొయ్యి



సారెపతు విధవరాలి కథ ఆదివార పాఠశాల నాటి నుండి మనమందరము ఎరిగినదే. ఆమె పిండిని గూర్చి, నూనెను గూర్చి ఎన్నో ప్రసంగములు విన్నాము, మేమును చేసియున్నాము. అయితే మొదటి రాజుల గ్రంథము 17వ అధ్యాయములో ఏలీయా ఆమెను చూచినప్పుడు ఆమె చేతిలో పిండి లేదు. ఊరి గవిని దగ్గర ఆమె కట్టెలు ఏరుకొనుచున్నది. ఇంట ఉన్నది ఆఖరి పిడికెడు పిండియే అయినను, అది రొట్టె కావలెనంటే పొయ్యిలోనికి పుల్లలు కావలెను గదా! తిండి లేకపోవుట ఒక బీదరికము. దానిని ఉడికించుకొనుటకు ఆధారము లేకపోవుట మరియొక బీదరికము.

మేము గృహ దర్శనములకు వెళ్లినప్పుడు అనేక ఇండ్లలో అమ్మలు కొంగుతో కండ్లు తుడుచుకొనుచు ప్రార్థనకు వచ్చెదరు. అవి పశ్చాత్తాపపు కన్నీళ్లు కావు, పొయ్యి పొగ. వానకు తడిసిన పత్తి కట్టె, తుమ్మ కంప, పిడకలు ఊది ఊది మండించుటలో వారి ఊపిరి అరిగిపోవుచున్నది. 2020వ సంవత్సరములో ఇంటి పొగ వలన ప్రపంచమంతట దాదాపు 32 లక్షల మంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. పసిబిడ్డల నిమోనియా, పెద్దవారి ఆయాసము, కంటి శుక్లములు, వీటి వెనుక ఈ పొగ ఉన్నది.

దీనికొక విరుగుడు మన పెరటిలోనే ఉన్నది. అది పేడ. గాలి చొరని గుంతలో పేడను, అంతే నీటిని కలిపి పోసినయెడల, కంటికి కనబడని సూక్ష్మజీవులు దానిని కుళ్లబెట్టి మండే వాయువును పుట్టించును. అదే గోబర్ గ్యాసు. రెండు ఘనమీటర్ల ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ, అనగా నాలుగైదు పశువుల పేడ కావలెను. నాలుగైదుగురు గల కుటుంబమునకు దానితో వంట జరుగును. బయటికి వచ్చు స్లర్రీ పొలమునకు మంచి ఎరువు. పిడకను కాల్చితే మిగులునది బూడిద. ఇక్కడ మంటయు దక్కును, ఎరువును దక్కును.

ఇది నిన్న మొన్న వచ్చిన సంగతి కాదు. 1897లో బొంబాయి మాతుంగలోని కుష్ఠరోగుల ఆశ్రమములో, వారి మలము నుండి తీసిన గ్యాసుతో దీపములు వెలిగించిరి. లోకము వెలివేసినవారి ఇంట, లోకము అసహ్యించుకొనిన దాని నుండి వెలుగు పుట్టినది! తరువాత ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ వారు ఇనుప డ్రమ్ము గల ప్లాంట్లను పల్లెలకు తెచ్చిరి. 1984లో ఇనుము అవసరము లేకుండ ఇటుకలతోనే కట్టే చవకైన నమూనా వచ్చినది. దాని పేరు దీనబంధు, అనగా బీదల స్నేహితుడు. మిషనరీగా వచ్చిన సి. ఎఫ్. ఆండ్రూస్ గారిని మన దేశ ప్రజలు పిలిచిన పేరును అదే.

మా సంఘమున్న ఒక గ్రామములో రెండు కుటుంబముల వారు ఒకే ఏడు, ఒకే మేస్త్రీ చేత దీనబంధు ప్లాంట్లు కట్టించుకొనిరి. ఒక ఇంట ఆసుపత్రి ఖర్చులకు గేదెలను అమ్మవలసి వచ్చినది. పేడ లేదు, గ్యాసు నిలిచిపోయినది. ఇప్పుడు ఆ తొట్టిలో కోళ్లు పొదుగుచున్నవి. రెండవ ఇంట అత్తాకోడండ్రు వంతులు వేసికొని ప్రతి ఉదయము పేడ కలిపి పోయుదురు. చలికాలములో గ్యాసు కొంత తగ్గినను వారి పొయ్యి ఆరలేదు.

ఈ సంగతి ఒక గృహ కూడికలో చెప్పి, అందరు ఇట్లు కట్టుకొనుట మంచిదంటిమి. చివర కూర్చున్న ఒక విధవరాలు లేచి, "అయ్యగారూ, గొడ్లున్నోళ్లకు గ్యాసు. గొడ్లు లేనోళ్లకు పొగే గదండీ" అన్నది. ఎవరును మాట్లాడలేదు. ఆమె మాటలో తప్పేమున్నది? ఆమెకు సెంటు భూమి లేదు, గొడ్డు లేదు, సాకవలసిన ఇద్దరు మనుమలున్నారు. సిలిండరు ఉన్నది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లును ఆమెకు అందినవి. ఆ మూడును అయిపోయిన తరువాత మరల కంప మోపే.

అప్పుడు ఆ రెండవ ఇంటి అత్తగారు, "వదినా, నువ్వు పిడకలకని దారెంట ఏరే పేడ మా తొట్టిలో పొయ్యి. సాయంత్రం మా పొయ్యి మీద అన్నం వండుకో" అన్నది. కోడలు ముఖము కొంచెము చిన్నబోయినది. తన వంటింటిలోనికి మరియొకరు రోజూ వచ్చుట తేలిక కాదు. అయినను మూడు నెలల నుండి అది జరుగుచున్నది. ఇంకొక పని స్త్రీల సమాజము వారు తలపెట్టిరి. పిడికెడు బియ్యపు కానుకలో కొంత తీసి, ముసురు పట్టే నెలలలో ఆమెకొక సిలిండరు కొనిపెట్టుచున్నారు.

ప్రియులారా, బలిపీఠము మీది అగ్ని ఆరకూడదని, యాజకుడు ప్రతి ఉదయము కట్టెలు వేయవలెనని లేవీయకాండము 6వ అధ్యాయము చెప్పుచున్నది. ఆ అగ్నికిని దినదినము మనిషి చేయి కావలసెను. మన దేశములో ఇప్పటివరకు సుమారు 50 లక్షల గోబర్ గ్యాస్ ప్లాంట్లు కట్టిరి. కట్టినవన్నియు వెలుగుట లేదు. సబ్సిడీ ఇటుకలను కొనగలదు, ప్రతి ఉదయము పేడ కలిపే చేతిని కొనలేదు. పొరుగింటి విధవరాలికి తలుపు తీసే మనస్సును అసలే కొనలేదు.

కాబట్టి ప్లాంటు కట్టదలచినవారు ముందుగా పశువులను, నీటిని లెక్కచూచుకొనుడి. రోజూ దానిని చూచుకొనబోవు ఇంటి స్త్రీని అడుగుడి. మూలపడిన ప్లాంటు ఉన్నయెడల పగులు ఎక్కడో మేస్త్రీకి చూపించుడి. గొడ్లు గలవారు, మీ పొయ్యి దగ్గర ఇంకొక గిన్నెకు చోటున్నదేమో చూడుడి. ఆదివారము ఒకే బల్ల యొద్ద పాలుపొందు మనము, సోమవారము ఒకే పొయ్యి యొద్ద నిలువలేమా?

విధవరాలి తొట్టిని మరువని ప్రభువు మన పొయ్యిలను, మన చేతులను దీవించును గాక. ఆమేన్.