పాల డబ్బు, పోయిన చదువు

కంకిపాడు నుండి బెజవాడ వెళ్ళే బస్సు బెంజి సర్కిల్ చేరేసరికి తాతయ్య చేతులు వాటంతటవే జోడించుకునేవి. అక్కడ కాకాని వెంకటరత్నంగారి విగ్రహం ఉండేది. పక్కన కూర్చున్న నాన్న మాత్రం ముఖం రెండోవైపుకు తిప్పుకునేవాడు. చిన్నతనంలో నాకది వింతగా తోచేది.

కాకాని 1900లో ఆకునూరులో రైతుకుటుంబంలో పుట్టారు. మా ఊరినుండి బందరు రోడ్డు పట్టుకుని వెళితే ఉయ్యూరు చాయలలోనే ఉంటుంది ఆ ఊరు. సేద్యం నుండి స్వాతంత్ర్యోద్యమానికి, కాంగ్రెసుకు, ఉయ్యూరు శాసనసభ్యత్వానికి, మంత్రిపదవికి సాగింది ఆయన నడక. జనం 'ఉక్కు కాకాని' అని పిలుచుకున్నారు. మంత్రిగా పశుసంవర్ధక శాఖను చూశారు. మా వైపు వరి డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లే కంటబడుతుంది. అదీ అప్పులవాళ్ళు మిగిల్చినంత. బెజవాడలో పాల ఫ్యాక్టరీ వచ్చాక నెలనెలా చేతిలో నాలుగు రూపాయలు ఆడసాగాయి. నా బడి జీతాలు మా రెండు గేదెలే కట్టాయి. తాతయ్య దృష్టిలో ఆ గేదెల వెనుక నిలబడ్డ మనిషి కాకానే.

నాన్న లెక్క వేరు. నిజాం కాలంనాటి ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఉద్యోగాలు పోతాయని కోస్తా భగ్గుమన్నది. డెబ్బై రెండేళ్ళ కాకాని జై ఆంధ్ర ఉద్యమానికి ముందు నిలిచారు. కాలేజీలు మూతపడ్డాయి. ఇంటర్మీడియెట్ చదువుతున్న నాన్నకు ఆ విద్యాసంవత్సరం పోయింది. మరుసటి ఏడు కాలేజీకి బదులు గేదెల చావిట్లోకి వెళ్ళాడు. మళ్ళీ పుస్తకం పట్టలేదు.

"వాడి ఫీజు ఎవరి పుణ్యమనుకున్నావురా?" అనేవాడు తాతయ్య.

"పాలు సరే నాన్నా, మరి నా చదువో?" అనేవాడు నాన్న.

ఆ వాదం తెగేది కాదు. బెజవాడలో పోలీసు కాల్పుల వార్తకు తల్లడిల్లి, గుండె ఆగి కాకాని కన్నుమూసింది 1972 డిసెంబరు 25న. ఏటా ఆనాడు మాత్రం ఇద్దరూ మాట్లాడుకునేవారు కారు.

1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది, సెప్టెంబరులో ఆరుసూత్రాల పథకం వచ్చింది. ఉద్యమం చల్లారింది. రాష్ట్రం రెండయింది 2014 జూన్ 2న. అదీ తెలంగాణ కోరిక మీద, కోస్తావాళ్ళు వద్దన్నా. చూడటానికి తాతయ్య లేడు. ఆ రాత్రి నాన్న టీవీ ముందు చాలాసేపు కూర్చుని, "దీనికేనా!" అని ఒక్క మాట అని లేచిపోయాడు. ఎవరి మీద కోపమో నేను అడగలేదు.

ఆ తరువాత రోడ్డు పనులకోసం విగ్రహాన్ని తీసేశారు. ఫ్లైఓవరు వచ్చింది. మొన్న నాన్నను ఆసుపత్రికి తీసుకువెళుతూ ఆ కూడలి దాటాను. ఎప్పుడూ ముఖం తిప్పుకునే మనిషి ఈసారి కిటికీలోంచి అటే చూశాడు.

"ఇక్కడే కదరా, మీ తాత దణ్ణం పెట్టేది?"

ఔనన్నాను.