అరికమేడులో రోమ్ ఎక్కడ?



ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూసొచ్చాక "తరవాత ఎక్కడికి?" అని చాలామంది అడిగారు. సంక్రాంతి వెళ్ళిన ఆదివారం మేం పదకొండు మందిమి వ్యాను కట్టించుకుని పుదుచ్చేరి పక్కనున్న అరికమేడుకి వెళ్ళొచ్చాం. "రోమన్ శిథిలాలు చూడ్డానికి ఇటలీ దాకా పోవాలా, ఈసీఆర్ ఎక్కితే చాలదూ!" అని మా కార్యవర్గంలో ఒకాయన నెల్లాళ్ళు ఊదరగొట్టారు. ఆ మాట నమ్మి వచ్చినవాళ్ళకి పదకొండు గంటలకల్లా కోపం వచ్చింది. ఆ కోపం గురించి, తరవాత జరిగిన వాదన గురించి కాస్త వివరంగా రాస్తున్నాం. కాఫీ తెచ్చుకుని కూర్చోండి.

ముందు వివరాలు. పుదుచ్చేరి ఊరికి దక్షిణంగా నాలుగైదు కిలోమీటర్లలో, అరియాంకుప్పం ఏటి ఒడ్డున, కాక్కాయన్‌తోప్పు దగ్గర ఉంటుంది. మాకు మాత్రమే అని మాట్లాడుకుని ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్ గారిని తోడు తీసుకున్నాం. అందరికీ కలిపి మూడు వేలు. రెండున్నర గంటలు అనుకుంటే నాలుగు గంటలు తిప్పారు. ఆయన తమిళంలో చెబుతుంటే ఈమధ్యే హైదరాబాదు నుంచి వచ్చిన రెండు కుటుంబాలకి మేం తెలుగులో అందిస్తూ వచ్చాం. గైడు లేకుండా మాత్రం వెళ్ళకండి. ఎందుకో మీకే తెలుస్తుంది.

దిగగానే మామిడి చెట్లు, కొబ్బరి చెట్లు, తాళ్ళు, పురావస్తు శాఖ వారి బోర్డు. కొంచెం లోపలికి నడిస్తే పాత ఇటుకలతో కట్టిన నిలువెత్తు శిథిలం. అందరం ఎగబడి ఫొటోలు తీసుకున్నాం. ఒకాయన రోమన్ చక్రవర్తిలా కండువా భుజం మీదుగా చుట్టుకుని మరీ నిలబడ్డారు. సారు ఏమీ అనకుండా చెట్టు కింద నిలబడి చూశారు. ఫొటోలు అయ్యాక మెల్లగా చెప్పారు: ఇది 18వ శతాబ్దంలో ఫ్రెంచి క్రైస్తవ మిషన్ వాళ్ళు కట్టుకున్న భవనం. రోమ్‌తో దీనికేం సంబంధం లేదు.

"మరి రోమన్‌ది ఎక్కడండీ?"

"మీ కాళ్ళ కింద."

తవ్వారు, కొలిచారు, బొమ్మలు గీసుకున్నారు, మళ్ళీ మట్టి కప్పేశారు. పచ్చి గాలికి, వానకి వదిలేస్తే ఆ ఇటుకలు నిలవవు. కాబట్టి కనబడేది ఒక మెట్ట, గడ్డి, అక్కడక్కడా పెంకులు. "మూడు వేలిచ్చి మట్టి చూశాం" అన్నారు కండువా ఆయన.

నిజం చెప్పాలంటే మాకది అంత కొత్త కాదు. మన ఊళ్ళల్లో పాటిదిబ్బ అంటామే, పొలాలకి పాటిమన్ను తోలుకునేవాళ్ళు చూడండి, అదే. ఎప్పుడో ఊరుండి పోయిన చోటు. అరికమేడు అంటే కోసుకుపోతున్న మెట్ట అని సారు చెప్పారు. మన 'అరిగిపోవడం' మాట గుర్తొచ్చింది. అరుగన్ అంటే అర్హతుడు, బుద్ధుడో జినుడో ఉన్న మేడు కాబట్టి ఆ పేరు అనేవాళ్ళూ ఉన్నారట. ఏది నిజమైనా ఏటి వైపు అంచు చూస్తే మొదటి అర్థమే సరిగ్గా ఉన్నట్టుంటుంది. ఆ కోతలో పెంకులు పళ్ళల్లా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

ఇక ఇది ఎలా బయటపడిందన్న కథ. మాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడం చూడ్డానికి లె జాంతీ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు పుదుచ్చేరికి బయల్దేరాడు. 1761లో ఆయన చేరేలోపు ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతిలో పడింది. ఓడ మీదే ఉండిపోయాడు. ఎనిమిదేళ్ళు ఈ సముద్రాల్లోనే కాచుకుని కూర్చుని, 1769లో పుదుచ్చేరిలో దుర్భిణి బిగించుకుంటే ఆ ఉదయం మబ్బు పట్టింది! పాపం ఆయన ఇంటికెళ్ళేసరికి చనిపోయాడని లెక్క రాసేశారట. ఆ మనిషే ఈ వీరాంపట్టణం దగ్గర పాత ఇటుక కట్టడాలున్నాయని రాసిపెట్టాడు. ఆకాశంలో కనబడనిది నేల మీద కనబడింది ఆయనకి.

తరవాత చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1930లలో జూవో-దుబ్రయ్ అనే ఫ్రెంచి పండితుడు ఇక్కడి పిల్లల దగ్గర పూసలు, రంగురాళ్ళు కొనేవాడు. మనిషి ముఖం చెక్కిన ఒక రాయి దొరికితే అది అగస్టస్ చక్రవర్తి బొమ్మ అనుకున్నాడు. ఆ తరవాతి ఘట్టం మన చెన్నైలోనే జరిగింది. 1944లో భారత పురావస్తు శాఖకి కొత్తగా అధిపతిగా వచ్చిన మార్టిమర్ వీలర్ ఎగ్మూరు మ్యూజియంలో ఒక అలమర తెరిచి తడుముతుంటే చేతికి పొడుగాటి మట్టి జాడీ పిడి తగిలింది. మధ్యధరా సముద్రం వైపు నుంచి ద్రాక్షసారా, ఆలివ్ నూనె పోసుకొచ్చే ఆంఫొరా జాడీ పిడి అది. ఎక్కడిదయ్యా అంటే పుదుచ్చేరి దగ్గరిదన్నారు. వెంటనే అక్కడికి పరుగెత్తాడు. 1945లో తవ్వాడు. ఇటలీలో అరెజ్జో ఊళ్ళో చేసిన ఎర్రని నిగనిగలాడే పాత్రల ముక్కలు, వాటి మీద కుమ్మరుల ముద్రలతో సహా దొరికాయి. ఆ పాత్రలు ఇటలీలో ఎప్పుడు చేశారో తెలుసు కాబట్టి, వాటి పక్కన దొరికిన మన కుండల వయసు కూడా తేలింది. దక్షిణాదిన తేదీ తెలియని ఎన్నో పాటిదిబ్బలకి అలా లెక్క కుదిరింది. మేం ఎగ్మూరు మ్యూజియానికి ఇన్నిసార్లు వెళ్ళాం, ఈ అలమర కథ మాకెవరూ చెప్పలేదు!

అయితే వీలర్ దీన్ని రోమన్ వర్తకుల స్థావరంగా చూశాడు. 1989 నుంచి 1992 దాకా విమలా బెగ్లీ గారి బృందం, మద్రాసు విశ్వవిద్యాలయం వారితో కలిసి మళ్ళీ తవ్వితే లెక్క మారింది. ఇటలీ సరుకు రాకముందే ఇక్కడ ఊరుంది. వాళ్ళ రాక తగ్గాక కూడా చాలాకాలం ఉంది. గోధుమ పిండిలో ముద్ర ఒత్తినట్టు లోపల చుక్కల వరసలుండే ఒక రకం పళ్ళేలని కూడా మొదట్లో పరదేశపు పనితనం అనుకున్నారు. తరవాతి పరీక్షల్లో అది మన దేశపు మట్టేనని తేలింది. అమరావతి పక్క ధరణికోటలోనూ, శ్రీకాకుళం వైపు శాలిహుండంలోనూ అవే పళ్ళేలు దొరికాయి. 1వ శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన రేవుల పుస్తకంలో పొదుకే అన్నది ఈ రేవేనని, మసాలియా అన్నది మన మచిలీపట్నం వైపని పండితుల మాట. మసాలియాలో సన్నని నూలుబట్టలు విస్తారంగా నేస్తారని కూడా రాశాడతను. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన కుండెడు రోమన్ వెండి నాణేలు ఎందుకొచ్చాయో ఇప్పుడు అర్థమవుతుంది. బట్టలు కొన్నారు, మిరియాలు కొన్నారు, డబ్బిచ్చి వెళ్ళారు.

ఇంత విన్నాక కండువా ఆయన కోపం ఇంకో మెట్టు ఎక్కింది. "అయితే రోమన్ ఊరే కాదన్నమాట!" సారు నవ్వి, "కాదు సార్, మన ఊరే. వాళ్ళు చుట్టాలుగా వచ్చారు" అన్నారు.

అప్పుడే మా కోశాధికారి గారి అబ్బాయి, తొమ్మిదో తరగతి, పిడికిలి బిగించుకుని వచ్చాడు. తెరిస్తే ఆవగింజ కంటే కాస్త పెద్దది, ఇటుక రంగు గాజు పూస. మధ్యలో బెజ్జం. ముందురోజు జల్లుకి మట్టి కడుక్కుపోయి బయటపడింది. అందరం చుట్టూ మూగాం. సారు కళ్ళజోడు పైకి తోసి చూసి, ఇక్కడే తయారైన రకం అన్నారు. తరవాత, ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టెయ్యమన్నారు.

వాడు పెట్టలేదు. "అంకుల్, అమరావతి రాళ్ళు ఎవరో తెచ్చుకుంటే మ్యూజియం అన్నారు. లండన్ తీసుకెళ్తే అదీ మ్యూజియమే. నేను ఒక్క పూస తీసుకుంటే దొంగతనమా?"

మాలో ఎవరికీ వెంటనే జవాబు తోచలేదు. వాణ్ణి ఎగ్మూరు తీసుకెళ్ళి, 1840లలో వాల్టర్ ఇలియట్ ఆ స్తూపం రాళ్ళు మద్రాసు తెప్పించాడని, కొన్ని ఇక్కడున్నాయని, చాలా లండన్ వెళ్ళాయని చెప్పింది మేమేగా! సారు ఓపిగ్గా చెప్పారు. ఏ పొరలో దొరికింది, పక్కన ఏ పెంకు ఉంది అన్నది తెలిస్తేనే పూస వయసు తెలుస్తుంది, జేబులో పడ్డాక అది సంతలో పది రూపాయల పూసతో సమానం. అమరావతి రాళ్ళకీ అదే గతి పట్టింది, ఏ రాయి స్తూపంలో ఎక్కడుండేదో ఇప్పటికీ పండితులు తలలు బద్దలు కొట్టుకుంటున్నారు, అన్నారు. కుర్రాడు తగ్గలేదు. "ఇది వానకి కొట్టుకొచ్చింది కదా సార్, దీని పొర ఎప్పుడో పోయింది." సారు అది నిజమేనని ఒప్పుకున్నారు. అయినా పైన దొరికే పూసలు ఏ మూల ఎక్కువున్నాయో చూసే కదా కొలిమి ఎక్కడుండేదో ఊహించేది, ఒక్కొక్కరూ ఒక్కొక్కటి పట్టుకెళ్తే ఆ ఆనవాలూ పోతుంది అన్నారు. రక్షిత స్థలం, చట్టం అన్న మాట చివర్లో చెప్పారు. మొదటే చెప్పుంటే వాడు వినేవాడు కాదు.

కండువా ఆయన కుర్రాడి పక్షం. "ఇలియట్ తెచ్చాడు కాబట్టే మనం చూస్తున్నాం, లేకపోతే ఆ రాళ్ళు సున్నం బట్టీకి పోయేవి" అన్నారు. అదీ కొట్టిపారేసే మాట కాదు. చింతపల్లి నుంచి అమరావతికి మారిన జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కాలంలోనే ఆ దిబ్బ తవ్వి రాళ్ళు వాడుకోవడం మొదలైంది. పూస వదిలేస్తే రేపటి వానకి ఏట్లో పడుతుంది, లేదా ఎల్లుండి ఇంకెవరో తీస్తారు. మేం సారు వైపే నిలబడ్డాం గానీ, కుర్రాడి ప్రశ్నకి పూర్తి జవాబు దొరికిందని మాత్రం చెప్పలేం. చివరికి వాడు ఫొటో తీసుకుని, చెట్టు నుంచి ఎన్ని అడుగులో కొలిచి సారు నోటుబుక్కులో రాసి, పూసని దొరికిన చోటే పెట్టాడు. తరవాత గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇంతసేపూ మౌనంగా ఉన్న మామ్మగారు అప్పుడు నోరు విప్పారు. ఆవిడ పుట్టిల్లు శ్రీకాళహస్తి వైపు. "ఇదేం వింత? మా పాపానాయుడుపేటలో ఇవే చేస్తారుగా. చిన్నప్పుడు దోసిళ్ళతో ఏరుకునేవాళ్ళం."

సారు ఆవిడ వైపు తిరిగి చేతులు జోడించేశారు! పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికన్ పూసల పరిశోధకుడు సరిగ్గా ఈ మాటే రాశాడట. కరిగిన గాజు ముద్దని పొడుగాటి ఇనప గొట్టానికి పట్టించి, మధ్యలో బోలు చేసి, కొలిమి ఇవతల కూర్చున్న మనిషి దాన్ని సన్నని గొట్టంలా బారలకొద్దీ లాగుతూ పోతాడు. చల్లారాక ఆ గొట్టాన్ని ముక్కలు కొట్టి, అంటుకోకుండా బూడిద కలిపి మళ్ళీ వేడి చేస్తే అంచులు గుండ్రబడతాయి. అరికమేడులో రెండు వేల ఏళ్ళ కిందట ఈ పద్ధతే వాడారని, ఇక్కడి పూసలు ఓడలెక్కి ఆగ్నేయాసియా దాకా వెళ్ళాయని, ఆ పనితనం మిగిలింది పాపానాయుడుపేటలోనేనని ఆయన చెప్పాడట. మామ్మగారు మట్టిలో కూర్చుని గొట్టం లాగడం చేతులతో అభినయించి చూపించారు. కండువా ఆయన వీడియో తీశారు. ఆరోజు ఆయన ఫోన్లో దాచుకోదగ్గది అదొక్కటే అని మా అభిప్రాయం, చక్రవర్తి ఫొటో కాదు.

మధ్యాహ్నం పుదుచ్చేరి మ్యూజియంలో అరికమేడు పూసలు, జాడీ ముక్కలు చూశాం. ఆకలి మీద ఉన్నాం, తొందరగా చూసేశాం. మీరు వెళ్తే ముందు మ్యూజియం చూసి, ఆ తరవాత మెట్టకి వెళ్ళండి. పెంకు చూస్తే గుర్తుపడతారు. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి, ముళ్ళున్నాయి. అక్కడ దుకాణాలేవీ లేవు, నీళ్ళు పట్టుకెళ్ళండి. యానాం కూడా పుదుచ్చేరి కిందదే కదా, అక్కడి చూపుపలకల మీద తెలుగు కూడా ఉంటే బాగుండునని ఒక విన్నపం రాసి పెట్టాం. సంతకాలు చేయదలచినవారు ఆఫీసులో చేయవచ్చు.

వచ్చే నెల పాపానాయుడుపేట. కొలిమి ఏ రోజు వెలిగిస్తారో, ఇప్పుడు ఎంతమంది చేస్తున్నారో మామ్మగారు కనుక్కుంటున్నారు, తెలియగానే తేదీ చెప్తాం. ఇప్పటికి తొమ్మిది పేర్లొచ్చాయి. భోజనం మామ్మగారి మరదలి ఇంట్లోనట. హోటల్లో తింటామని మేం ఎంత చెప్పినా వినడం లేదు.