కుశస్థలి ఒడ్డున బెయిలీ

12 నవంబరు 2022, శనివారం, పాకాల

నిన్నటితో రష్యా సైన్యం ఖెర్సన్ వదిలి, నీపర్ నది దాటి ఎడమ గట్టుకు పోయింది. టీవీలో ఫిరంగుల లెక్కలే చెబుతున్నారు. గూడ్సు బండ్లు పంపుతూ ఉద్యోగం వెళ్లదీసినవాణ్ణి, నా కన్ను సరుకు మీదికే పోతుంది. జూలై నుంచి ఉక్రెయిన్ రాకెట్లు ఆంటోనివ్కా వంతెనను తూట్లు పొడుస్తూ వచ్చాయి. నిండు లారీ పోలేని వంతెన ఉండీ లాభం లేదు. పడవల మీద, బల్లకట్ల మీద ఎన్నాళ్లు నెట్టుకొస్తారు? నగరానికి సరఫరా సరిగ్గా చేయలేకపోతున్నామని వాళ్ల సేనాని సురోవికినే ఒప్పుకున్నాడు.

20 నవంబరు, ఆదివారం

ఖెర్సన్‌లాంటి కథ మన పక్కనే జరిగింది. 1780లో హైదర్ అలీ కనుమలు దిగి ఆర్కాటు సీమ మీద పడ్డాడు. గుంటూరు వైపు ఇంగ్లీషు దండుతో ఉన్న కల్నల్ బెయిలీకి, వెంటనే వచ్చి ఇంగ్లీషు సేనాని మన్రో సైన్యంలో కలవమని కబురు పోయింది. సుమారు 2,800 మందితో దిగి వచ్చాడు. ఆగస్టు 25న కుశస్థలి చేరాడు, తమిళులు కొసస్థలైయారు అనే ఏరే. అప్పటికి ఏట్లో నీళ్లు లేవనే చెప్పాలి. రేపు దాటుదాంలే అని ఉత్తరపు గట్టునే గుడారాలు వేశాడు. ఆ రాత్రి పైన కొండల్లో వాన పడి ఏరు వచ్చేసింది. సెప్టెంబరు మొదటి వారం దాకా అవతలి గట్టు అందలేదు.

ఆ పైన అంటే ఎక్కడో కాదు. ఆ ఏటికి నీళ్లు పంపేవాటిలో మన నగరి, కార్వేటినగరం కొండలూ ఉన్నాయి. ఇంగ్లీషు చరిత్రకారులు బెయిలీని ఆ ఒక్క రాత్రికి తిట్టిపోస్తారు. ఆయన తప్పు లేదనను. కానీ నిండా పారే గోదావరిని చూస్తే ఎవడైనా జాగ్రత్తపడతాడు, ఎండిన ఇసుకను చూసి ఎవడు పడతాడు? సీమ ఏళ్లతో వచ్చిన చిక్కే అది.

10 డిసెంబరు, శనివారం

రాత్రి మాండూస్ తుపాను మహాబలిపురం దగ్గర గట్టెక్కింది. ఇక్కడ తెల్లార్లూ వాన. కృష్ణాపురం జలాశయం గేట్లు ఎత్తితే ఆ నీళ్లు పోయేది కుశస్థలి వెంబడే, పూండి దాకా.

పక్కింటి పిల్లవాడు వచ్చి కూర్చుంటే బెయిలీ సంగతి చెప్పినాను. "ఈదేసి పోవచ్చు కదా తాతా?" అన్నాడు. మంచి ప్రశ్నే. సిపాయి ఈదుతాడు, పుట్టి ఎక్కుతాడు. ఫిరంగి ఈదదు. మందుగుండు తడిస్తే మట్టితో సమానం. బియ్యం మూటలు మోసే పెరికెద్దులు వరదలో కాలు పెట్టవు. ఇవన్నీ ఇవతల వదిలి అవతలికి పోయిన సైన్యం ఒకపూట గుంపే. అందుకే బెయిలీ కాచుకోవాల్సి వచ్చింది. ఆ కాచుకున్న రోజులన్నీ హైదర్‌కు కలిసివచ్చాయి. సెప్టెంబరు 6న పేరంబాక్కం దగ్గర హైదర్ కొడుకు టిప్పు అడ్డం పడ్డాడు, 10న పొల్లిలూరులో బెయిలీ దండు తుడిచిపెట్టుకుపోయింది. శ్రీరంగపట్నం దరియా దౌలత్ మహలు గోడ మీద ఆ యుద్ధం బొమ్మ ఇప్పటికీ ఉంది. దాంట్లో ఏరు ఉండదు.

13 డిసెంబరు, మంగళవారం

మన్రో సంగతి రాయడం మరిచాను. అంత దగ్గరలో కంచిలో ఉండీ బెయిలీని కలవడానికి తన దండంతా ఎందుకు నడపలేదు? కారణం బియ్యం. సైన్యానికి ఉన్న తిండీ, పెద్ద ఫిరంగులూ కంచిలోనే ఉన్నాయి. వదిలిపోతే హైదర్ ఎత్తుకుపోతాడు, మోసుకుపోదామంటే ఎడ్లు చాలవు. ఫ్లెచర్ అనే అధికారికి వెయ్యి మందిని అప్పగించి పంపాడు, వాళ్లూ బెయిలీతోపాటే పోయారు. చివరికి పెద్ద ఫిరంగులను కంచి చెరువులో తోసి చెంగల్పట్టుకు మళ్లాడు. నన్నడిగితే ఏటి ఒడ్డున ఆగిన రాత్రి కన్నా, తిండి ఒకచోట, దండు ఇంకోచోట పెట్టుకోవడమే పెద్ద తప్పు.

ఆ తర్వాత వచ్చిన ఇంగ్లీషు సేనాని ఐర్ కూట్‌కు ఇది బాగా తెలుసు. 1781 చివర్లో ఆయన గింజల కోసం మన పాళెగాళ్ల సీమంతా తిరిగాడు, చిత్తూరు కోటనూ పట్టాడు. పాలారు దక్షిణపు గట్టున వేలూరు కోటలో ఇంగ్లీషు దండు ఆకలికి మాడుతోంది. 1782 జనవరిలో కూట్ జబ్బుపడి, పల్లకీలో పడుకునే ఆ కోటకు మూడు నెలల తిండి తీసుకుపోయాడు. హైదర్ ఎదురుపడి కోట దారి మూయలేదు. బండ్లూ ఎడ్లూ అడుసులో దిగిన చోటు చూసి, దూరం నుంచి ఫిరంగులు పేల్చాడు. దెబ్బ ఎక్కడ వేయాలో కూట్ ఎంత ఎరుగునో, ఆయనా అంతే ఎరుగును. అయినా బియ్యం కోటలోకి చేరింది, వేలూరు హైదర్ చేతికి చిక్కలేదు. ఆ ఏడు డిసెంబరులో హైదర్ చనిపోయింది మన చిత్తూరు దగ్గరి విడిదిలోనే.