వెనక పక్క

ఆ కాగితాలను నేనే అమ్మేశాను, కిలోల లెక్కన. దొంగలు ఎత్తుకుపోలేదు, చెదలు తినలేదు, వానకు తడవలేదు. అన్నీ ఫోన్‌లో ఉన్నాయి కదా అన్న ధీమాతో, పాత పేపర్లతో పాటే చిత్తుకాగితాలాయన తూకంలో పడేశాను.

2017లో రాష్ట్రమంతా భూరికార్డుల ప్రక్షాళన నడుస్తున్న రోజులవి. శంషాబాద్ అవతల మా ఊళ్లో పెంకుటిల్లు ఖాళీ చేసి ఫ్లాటుకు మారుతున్నాం. తాత ట్రంకు పెట్టెలో శిస్తు రసీదులు, పట్వారీ రాసిచ్చిన పహాణీ (ఊరి భూముల లెక్క) నకళ్లు, పాత పాసుబుక్కు, వాటితో పాటు నాలుగు మడతలు పడ్డ ఒక సాదా బైనామా ఉన్నాయి. తెలంగాణ పల్లెల్లో రిజిస్ట్రేషన్ జోలికి పోకుండా తెల్లకాగితం మీద భూమి అమ్మకం రాసుకుంటే దాన్ని అలా అంటారు. పక్క సర్వే నంబరాయన దగ్గర తాత ఇరవై గుంటలు కొన్నప్పటి కాగితం అది. కింద రెవెన్యూ స్టాంపు, దాని మీద అమ్మినాయన వేలిముద్ర, ఒక మూలన ఇద్దరు సాక్షుల సంతకాలు.

యాప్‌లో నలుపు-తెలుపు పెట్టి అన్నీ స్కాన్ చేశాను. ఫైలు చిన్నదవుతుంది, పైగా చూడ్డానికి శుభ్రం. మరకలు, మడతలు, పసుపుదనం పోయి అక్షరాలు కడిగిన ముత్యాల్లా వచ్చాయి. వాట్సాప్‌లో ఇంటివాళ్లందరికీ పంపితే మెచ్చుకున్నారు కూడా. పాసుబుక్కు ఒక్కటి మాత్రం సెంటిమెంటుకొద్దీ ఉంచుకుని, పేజీలు విప్పి లామినేషన్ చేయించాను. అదింకో తెలివితక్కువ పని. వేడికి కరిగిన ప్లాస్టిక్ కాగితాన్ని పట్టుకుంటే మళ్లీ వదలదు. లోపలి ఆమ్లం లోపలే ఉండి కాగితాన్ని తింటూనే ఉంటుంది. ఇక సిరాను పరీక్షించే దారి కూడా ఉండదు.

తాత కొన్ననాడు అది జొన్నలు పండే చెలక. మామిడిపల్లి, గొల్లపల్లి శివార్లలో అయిదు వేలకు పైగా ఎకరాలు తీసుకుని కట్టిన విమానాశ్రయంలో 2008 మార్చిలో విమానాలు దిగడం మొదలయ్యాక ఈ చుట్టుపక్కల గుంట కూడా ఆస్తే. అమ్మినాయన మనవలు వచ్చి "మా తాత కౌలుకిచ్చిండు గానీ అమ్మలేదు" అన్నారు. వాళ్లను తప్పుపట్టలేను. సర్కారు ఆన్‌లైన్ భూరికార్డు ధరణిలో అప్పటికి పట్టాదారుగా వాళ్ల తాత పేరే ఉండేది.

ఫోన్ పట్టుకుని వకీలు దగ్గరికి పోయాను. స్క్రీను అటూ ఇటూ జరిపి చూసి, "ఇది ఫోటో తమ్మీ, కాగితమేది?" అన్నాడు. లేదన్నాను. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. సాదా బైనామాతో హక్కు రాదు గానీ, సరిపడా స్టాంపు లేని ఆ కాగితాన్నే కోర్టులో పెట్టి, డ్యూటీ, పదింతల దాకా జరిమానా కడితే కనీసం కబ్జాకు, అంటే నేల మా చేతిలోనే ఉందనడానికి, సాక్ష్యంగా పనికొచ్చేది. ఆ వెసులుబాటు అసలుకే ఉంది, నకలుకు లేదు. 1971లో సుప్రీంకోర్టు, అదీ మన ఆంధ్రప్రదేశ్ నుంచి పోయిన కేసులోనే, ఈ మాట తేల్చేసింది. ముప్పై ఏళ్లు దాటిన పత్రం సరైనవాళ్ల దగ్గర భద్రంగా ఉంటే దాన్ని నిజమైనదిగానే కోర్టు భావించవచ్చు. అదీ అసలుకే. వేలిముద్ర ఎవరిదో తేల్చమంటే, గీతలన్నీ కలిసిపోయి నల్లమచ్చ అయిన నా స్కాన్ చూసి నిపుణుడు మాత్రం ఏం చెప్తాడు?

"వెనక పక్క ఏమన్నా రాసి ఉండెనా?" అని అడిగాడు చివరికి. ఉంది. నాకు బాగా గుర్తుంది. పంట చేతికొచ్చాక కట్టిన బాకీ డబ్బుల లెక్క, ముట్టినట్టు అమ్మినాయన వేసిన ఇంకో వేలిముద్ర. లెక్కలే కదా అని ఆ పక్క స్కాన్ చెయ్యలేదు. కౌలుకైతే బాకీ తీర్చి వేలిముద్ర వేయించుకోవడం ఎందుకు? కేసు మొత్తం ఆ వెనక పక్కనే ఉంది. పహాణీ నకళ్లదీ అదే కథ. మార్పులు ఎర్రసిరాతో రాసి పక్కన పొట్టి సంతకం చేసేవాళ్లు. నలుపు-తెలుపులో ఏది మొదటి రాత, ఏది తర్వాతి దిద్దుబాటో తెలియదు. ఆనాడు నాకు ముఖ్యమనిపించిందే స్కాన్‌లోకి ఎక్కింది. నేను ఊహించని ప్రశ్నలకు జవాబులన్నీ తూకంలో పోయాయి.

సర్కారు దగ్గర ఉంటాయి కదా అని వెతకడం మొదలుపెట్టాను. మా రంగారెడ్డి జిల్లా పుట్టిందే 1978లో. అంతకు ముందువి హైదరాబాద్ జిల్లా పేరుతో ఉంటాయి. 1364 ఫసలీ, అంటే 1954-55 నాటి ఖాస్రా పహాణీ చాలా గొడవల్లో మూలాధారమే గానీ, మా బేరం దాని తర్వాతిది. మాకు కావలసింది ఆ తర్వాతి పహాణీల్లో అనుభవదారు గడి, అంటే నేలను నిజంగా దున్నుకుంటున్నది ఎవరన్న గడి. 2020లో వచ్చిన ధరణి ఆ గడినే ఎత్తేసింది. ఊరి కాగితాలు మూటలుగా చేతులు మారడం కొత్త కాదు: 1984లో పట్వారీలను తీసేసినప్పుడు ఒకసారి, 2020 సెప్టెంబరు 7న వీఆర్వోల రికార్డులన్నీ తెప్పించుకున్నప్పుడు ఇంకోసారి. మాకు కొన్నేళ్ల పహాణీలు దొరికాయి, కావలసిన ఏళ్లవి దొరకలేదు.

స్కాన్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. అది ఉండబట్టే తాత ఏం రాయించుకున్నాడో మా పిల్లలకైనా తెలుసు. కానీ స్కాన్ కూడా అబద్ధం చెప్పగలదు. 2013లో జర్మనీలో డేవిడ్ క్రీజెల్ అనే కంప్యూటర్ నిపుణుడు ఒక ఇంటి ప్లాను జిరాక్స్ యంత్రంలో స్కాన్ చేస్తే గదుల కొలతలు మారిపోయి వచ్చాయి. ఫైలు కుదించే క్రమంలో ఒకేలా కనిపించే ముక్కల్ని యంత్రం ఒకదాని బదులు ఒకటి అతికించింది. ఇంకో కాగితంలో 6 కాస్తా 8 అయింది. మసకగా ఉంటే అనుమానమైనా వచ్చేది. అచ్చు గుద్దినట్టు స్పష్టంగా ఉంది. అసలు ప్లాను చేతిలో ఉండబట్టే తప్పు ఏదో తేలింది. సర్వే నంబరులో 6 కాస్తా 8 అయితే ఏమవుతుందో శంషాబాద్‌లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలపు దక్కన్ కాగితాలు లక్షన్నరకు పైగా ఉన్నాయి. గుడ్డపీలికల గుజ్జుతో చేతితో చేసిన కాగితం కాబట్టి అవి ఇప్పటికీ నిలిచాయి. మా తాత కాలపు కొయ్యగుజ్జు కాగితానికి అంత ఆయుష్షు లేదు, నిజమే. అయినా అక్కడ చిరిగిన కాగితాలకు చికిత్స జరుగుతుంది, డిజిటల్ ప్రతులూ తయారవుతున్నాయి. ప్రతి చేశాం కదా అని అసలును ఎవరూ తూకానికి వెయ్యరు. నా ఫోన్ కంటే నాకు తెలివి తక్కువని అప్పుడు అర్థమైంది.

ఇరవై గుంటల్లో పది వాళ్లకు వదిలి రాజీ చేసుకున్నాం. చిన్నాయన ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడు.

మీ ఇంట్లోనూ ఏ అటక మీదో అలాంటి పెట్టె ఉండే ఉంటుంది. స్కాన్ చేయండి, రంగుల్లో చేయండి, తెల్లగా కనిపించినా సరే వెనక పక్క కూడా చేయండి. లామినేషన్ జోలికి పోకండి, సెల్లోటేపు అతికించకండి. మడతలు విప్పి, పిన్నులు తీసి, ఎండా చెమ్మా తగలని చోట మళ్లీ పెట్టెలోనే పెట్టండి. పెట్టె ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పండి.